పంచాంగాన్ని ఆకాశంతో సరిచూసిన చింతామణి రఘునాథాచార్యులు

ఉగాదినాడు వేపపూత పచ్చడి నోట వేసుకొన్న పిమ్మట పంచాంగ శ్రవణం మీదికి మనసు పోని తెలుగువారు అరుదు. అత్తిమంజేరిపేటలో ఆనాడు మగ్గాల చప్పుడు ఆగిపోయేది. సాయంకాలం గుడి మండపంలో పెద్దలు కూర్చుండగా పంతులుగారు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివి వినిపించేవారు. అయితే మా వైపు ఒక చిక్కు ఉండేది. మాది ఊరు కదలకుండానే రాష్ట్రం మారిన ప్రాంతం. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాతోపాటు చిత్తూరు జిల్లా నుంచి విడివడి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అందుచేత తెలుగు పంచాంగమూ వచ్చేది, అరవ పంచాంగమూ వచ్చేది. అరవంలో మళ్ళీ రెండు రకాలు: ఒకటి వాక్య పంచాంగం, రెండవది దృగ్గణిత పంచాంగం, దానినే వారు తిరుక్కణిదం అంటారు. ఒకదానిలో తిథి మధ్యాహ్నానికి ముగిస్తే మరొకదానిలో సాయంకాలం దాకా ఉండేది. ఒక వీధిలో ఏకాదశి ఉపవాసం నేడయితే, పక్క వీధిలో రేపు.

ఏది సరి అని అడిగితే పెద్దలు నవ్వి, మన ఇంటి ఆచారం ఏదో అదే సరి అనేవారు. ఇంటి ఆచారం మాట ఎట్లున్నా, చంద్రుడు మాత్రం ఏ ఇంటివాడూ కాడు గదా! ఆకాశంలో చంద్రుడు నిజంగా ఎక్కడ ఉన్నాడో చూచి, ఆ చూపుతో లెక్కను సరిదిద్దుకొనాలని చెన్నపట్నంలో పట్టుబట్టిన మహనీయుడు చింతామణి రఘునాథాచార్యులుగారు. వారి జీవితం ఈ సంచికలో చెప్పుకొనడానికి పంచాంగం ఒక్కటే కారణం కాదు. వారు కనిపెట్టిన ఒక నక్షత్రానికి ఆకాశంలో కూతవేటు దూరాన, 2005లో ఒక మహా విస్ఫోటనం కనిపించింది. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తున్నదో కొలిచే పండితులు నేడు పడుతున్న ఒక పెద్ద తగవులో ఆ విస్ఫోటనానికీ, వారు కనిపెట్టిన జాతి నక్షత్రాలకూ చోటు దొరికింది. ఆ కథ చివరకు వస్తాను.

చెన్నపట్నం నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీవారు 1792లో నక్షత్రశాల కట్టించారు. అంతకు ఆరేళ్ళ క్రితం విలియం పెట్రీ అనే దొర ఎగ్మూరులో తన సొంతానికి పెట్టుకొన్న పరికరాలే దానికి మూలం. నుంగంబాకం కట్టడానికి ప్లాను వేసిన మైకేల్ టాపింగ్ పేరుతో నిలిపిన నల్లరాతి స్తంభం అక్కడి వాతావరణ కార్యాలయం ఆవరణలో ఉంది. దానిమీద లాటినుతోపాటు తమిళంలోను, తెలుగులోను శాసనాలు చెక్కించారు. ఆనాటి చెన్నపట్నంలో ఏ విషయం శాశ్వతంగా నిలవాలన్నా తెలుగులో కూడా రాయవలసి వచ్చేదన్నమాట. చెన్నపట్నానికి పోయే మనవారు ఒకసారి ఆ రాయిని చూచి రావచ్చును.

ఆ నక్షత్రశాలలో 1840 ప్రాంతంలో రఘునాథాచార్యులుగారు కుర్రతనంలోనే ఉద్యోగానికి చేరారు. వారిది పంచాంగకర్తల వంశం. తాతల నాటి నుంచి వేళ్ళమీద, గవ్వలమీద గ్రహచారాన్ని లెక్కించిన ఇంటివాడు ఇత్తడి గొట్టంలోంచి ఆకాశాన్ని చూచే కొలువులోకి వచ్చాడు. టేలరు, జేకబు, టెన్నెంటు అనే దొరలు ఒకరి తరువాత ఒకరు అధికారులుగా వచ్చారు, పోయారు. 1861లో నార్మన్ పాగ్సన్ వచ్చాడు. ఆచార్యులుగారు మాత్రం ఉన్నచోటనే ఉండి, క్రమంగా ప్రథమ సహాయకుని పదవికి వచ్చారు. మొత్తం కొలువు సుమారు 40 ఏళ్ళు.

ఆ కొలువు ఎట్టిదో కాస్త చెప్పాలి. 1862 నుంచి అక్కడ మధ్యాహ్నరేఖా వలయం అనే యంత్రంతో పని జరిగింది. ఈ దుర్భిణి ఇటు అటు తిరగదు. ఉత్తర దక్షిణాలుగా పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. ఒక నక్షత్రం సరిగ్గా ఆ రేఖను దాటే క్షణం కోసం కాచుకొని కూర్చోవాలి. కంటికి ఎదురుగా సన్నని దారాల చట్రం ఉంటుంది. మన నేతగాళ్ళకు పడుగు దారాలంటే చాలు, తెలిసిపోతుంది. నక్షత్రం ఒక్కొక్క దారాన్నీ దాటుతున్నప్పుడు చెవి గడియారం మీద ఉండాలి, కన్ను నక్షత్రం మీద ఉండాలి. క్షణంలో పదో వంతు పొరబాటు వచ్చినా ఆ రాత్రి పని చెడినట్లే. ఇట్లా వేలకొద్ది నక్షత్రాల స్థానాలను మద్రాసువారు పట్టికలుగా రాసిపెట్టారు. ఆ అంకెలలో పెద్దభాగం ఆచార్యులుగారి కంటితో కొలిచినవి. చెన్నపట్నం కాలమానం కూడా ఈ నక్షత్రాల నుంచే వచ్చేది. తిరుత్తణి మీదుగా పోయే రైళ్ళు చాలాకాలం నడిచినది ఆ మద్రాసు కాలం ప్రకారమే.

పాగ్సన్ దొరకు ఇంకొక పిచ్చి ఉండేది: నక్షత్రాల కాంతిని కొలవడం. ప్రాచీనులు కంటికి కనిపించే నక్షత్రాలను ఆరు తరగతులుగా విభజించారు. మొదటి తరగతి మిక్కిలి కాంతిగలది, ఆరవది కంటికి ఆనీ ఆనని మినుకు. తరగతికీ తరగతికీ మధ్య ఎంత తేడా అన్నదానికి మాత్రం నిలకడైన లెక్క లేదు. 1856లో, ఇంకా మద్రాసుకు రాకముందే, పాగ్సన్ ఒక నియమం ప్రతిపాదించాడు. మొదటి తరగతి నక్షత్రం ఆరవ తరగతి దానికి సరిగ్గా 100 రెట్లు కాంతి గలది కావాలి. అనగా ఒక్కొక్క మెట్టుకు సుమారు 2.512 రెట్లు. లోకమంతా నేటికీ నక్షత్ర కాంతిని కొలిచేది ఆ కొలబద్దతోనే. అట్టి గురువు దగ్గర పనిచేసే శిష్యునికి నక్షత్రం ఎక్కడ ఉన్నదో చూస్తే చాలదు, నిన్నటి కాంతితో ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలి.

1867లో ఆచార్యులుగారి కంటికి దక్షిణాన చాలా కిందుగా ఉండే ఒక నక్షత్రం చిక్కింది. దాని కాంతి నిలకడగా లేదు. కొన్నాళ్ళు పెరిగి, కొన్నాళ్ళు తరిగి, మళ్ళీ పెరుగుతున్నది. రెటిక్యులం అనే చిన్న రాశిలోది కనుక దానికి ఆర్ రెటిక్యులై అని పేరు వచ్చింది. రెటిక్యులం అంటే నేను పైన చెప్పిన దారాల చట్రమే. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లకాయ్ తన దుర్భిణిలోని చట్రం మీద అభిమానంతో ఆ రాశికి ఆ పేరు పెట్టాడు. బతుకంతా ఆ చట్రంలోంచి చూచిన మనిషికి ఆ రాశిలోనే కీర్తి దక్కడం తమాషాగానే ఉంది.

ఈ నక్షత్రం ఒక విడత పెరిగి తరిగి మళ్ళీ మొదటికి రావడానికి సుమారు 278 రోజులు పడుతుంది. మిక్కిలి కాంతిగా ఉన్నప్పుడు కూడా మామూలు కంటికి ఆనదనే చెప్పాలి. తగ్గినప్పుడు మంచి దుర్భిణి లేనిదే జాడ తెలియదు. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొలిజామున దక్షిణానికి తిరిగి నిలబడితే అగస్త్య నక్షత్రం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది గదా. దానికి కుడివైపున, ఇంకా కిందుగా ఆ తావు. చెన్నపట్నం నుంచి గాని అత్తిమంజేరిపేట నుంచి గాని అది దిగంతానికి 14 డిగ్రీలకు మించి పైకి రాదు. బొంబాయిలో ఉన్న మనవారికి సుమారు 8 డిగ్రీలు. ఢిల్లీకి పోయినవారికి అది ఉదయించనే ఉదయించదు. లండనులోని పండితులు ఎంత గొప్పవారైనా తమ ఊళ్ళో కూర్చుండి దానిని చూడలేరు. దక్షిణాదివాడు కనుక్కోవలసిన నక్షత్రం అది.

మరుసటి ఏడు విభవ నామ సంవత్సరం. శ్రావణ అమావాస్యనాడు, అనగా 1868 ఆగస్టు 18న, తెలుగు దేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రజ్ఞులు మన ఊళ్ళకు వచ్చి దిగారు. ఫ్రెంచివాడైన జాన్సెన్, ఇంగ్లీషువాడైన టెన్నెంటు గుంటూరులో మకాం వేశారు. పాగ్సన్ బందరుకు పోయాడు. మద్రాసు నక్షత్రశాల పక్షాన మరొక బృందాన్ని నైజాం సీమలోని వనపర్తికి పంపించి, దానిని రఘునాథాచార్యులుగారి చేతిలో పెట్టారు. దొరల కొలువులో దేశీయునికి స్వతంత్రంగా ఒక బృందం ఒప్పగించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. గుంటూరు ప్రాంతంలో అయిదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి కమ్మింది. భూమి మీద అంతవరకు ఎవరూ ఎరుగని హీలియం అనే వాయువు జాడ మొదట చిక్కింది ఆ ఏటి సూర్య పరిశీలనలలోనే. 1871 డిసెంబరు 12 నాటి సంపూర్ణ గ్రహణానికి ఆచార్యులుగారు కోయంబత్తూరు జిల్లాలోని అవినాశికి పోయారు. 1872లో లండనులోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీవారు వారిని తమ సభ్యులుగా ఎన్నుకొన్నారు.

ఇంతవరకు ఉద్యోగం సంగతి. పగటిపూట వారు పడిన శ్రమ వేరు.

వాక్య పంచాంగం అంటే పూర్వులు సూత్రాలుగా కట్టిపెట్టిన లెక్క. అవి కంఠస్థం చేస్తే ఆకాశం వైపు చూడకుండానే చంద్రుని చోటు చెప్పవచ్చును. కట్టినవారు మహా మేధావులు, సందేహం లేదు. కాని ఏ లెక్కలోనైనా ఆదిలో ఉన్న వెంట్రుకవాసి లోపం వందల ఏళ్ళు గడిచేసరికి గంటలుగా పెరుగుతుంది. ఇది పూర్వులు ఎరుగనిదీ కాదు. అందుకే వారు అప్పుడప్పుడు లెక్కకు బీజసంస్కారం చేస్తూ ఉండేవారు. కేరళలో పరమేశ్వరుడు 1431లో దృగ్గణితం అనే పద్ధతిని ఇందుకే ఏర్పరచాడు. దృక్కు అంటే చూపు. కంటికి కనిపించేదానితో సరిపోయే గణితం అని అర్థం. ఆచార్యులుగారు చేసిందల్లా ఆ పాత ధర్మాన్ని కొత్త పరికరాలతో తిరిగి నిలబెట్టడం. నక్షత్రశాలలో రాత్రి కొలిచిన చంద్రుడినీ, ఇంట్లో తండ్రి తాతలు లెక్కించిన చంద్రుడినీ పక్కపక్కన పెట్టి చూచినవారికి రెండూ ఒక్కటి కావని తెలిసిపోయింది. తెలిసిన తరువాత ఊరకుండడం వారికి చేత కాలేదు. చెన్నపట్నంలో దృగ్గణిత పంచాంగాన్ని ఏటేటా ప్రకటించసాగారు.

ఇది ఎంత కష్టమైన పనో పంచాంగాన్ని నమ్ముకొన్న ఇంటివారికే తెలుస్తుంది. శ్రాద్ధం ఏనాడు పెట్టాలి, ముహూర్తం ఎప్పుడు, అన్నీ దానిమీదనే గదా. తిథి తప్పన్నామంటే, తాతలు పెట్టిన తద్దినాలు తప్పు తిథిన పెట్టారని అన్నట్లే. ఆచార్యులుగారు ఆ మాట పరాయివాడుగా బయట నుంచి అనలేదు. తమ ఇంటి విద్యను గౌరవిస్తూనే, గౌరవం వేరు, లెక్క వేరు అని చూపించారు. వాదం నేటికీ తీరలేదు. దేవాలయాలలో కొన్ని వాక్యాన్నీ కొన్ని దృగ్గణితాన్నీ పట్టుకొని ఉన్నాయి. నా మటుకు నేను ఆచార్యులుగారి పక్షమే అని దాచకుండా చెబుతున్నాను.

1874 డిసెంబరు 9న, భావ నామ సంవత్సరంలో, శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచాడు. నూరేళ్ళకు పైబడి ఒకసారి వచ్చే జంట వింతలలో అది మొదటిది. దానిని భూమిమీద దూర దూర ప్రదేశాల నుంచి కొలిస్తే భూమికీ సూర్యునికీ మధ్య దూరం తేలుతుంది. ఆ దూరం తేలితే తక్కిన ఆకాశ దూరాలన్నింటికీ అది మొదటి మెట్టు. ఇది దొరలకే గాని మనకు తెలియనక్కరలేదని ఆచార్యులుగారు అనుకోలేదు. సామాన్యులకు అర్థమయ్యే రీతిలో శుక్రగమనాన్ని గూర్చి ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషులోను, కన్నడం, ఉర్దూ మొదలైన దేశభాషలలోను ప్రకటించారు. అదే ఏడు పచ్చయప్ప హాలులో ఉపన్యసిస్తూ, దేశీయులు ఖగోళ విద్య నేర్చుకొనడానికి తమదైన ఒక నక్షత్రశాల కావాలనీ, అందుకు ధనం సమకూర్చాలనీ అర్థించారు. విశాఖపట్టణంలో గోడే జగ్గారావుగారు సొంత ధనంతో నక్షత్రశాల పెట్టగా, వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడుపుతూ అదే శుక్రగమనాన్ని చూచి కొలిచారు. చెన్నపట్నంలో ఆచార్యులుగారి కోరిక మాత్రం వారి జీవితకాలంలో నెరవేరలేదు.

1880 ఫిబ్రవరి 5న వారు దివంగతులయ్యారు. 1899లో ఖగోళ పరిశోధన కొడైకెనాలుకు తరలిపోయింది. నుంగంబాకంలో ఆ నల్లరాయి మిగిలింది.

ఇక ఆ నక్షత్రం కథ. ఆర్ రెటిక్యులై వంటి నక్షత్రాలను మీరా జాతివి అంటారు. ఇవి ముసలి నక్షత్రాలు. బాగా ఉబ్బి, ఎర్రబారి, ఊపిరి పీల్చి వదిలినట్లు నెలల తరబడి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. వీటిలో ఊపిరికి పట్టే కాలాన్ని బట్టి అసలు కాంతి ఎంతో చెప్పవచ్చునని తరువాతి కాలంలో తేలింది. అసలు కాంతి తెలిసి, కనిపించే కాంతిని కొలిస్తే దూరం దానంతట అదే వస్తుంది: ఒకే రకం రెండు దీపాలలో ఒకటి నాలుగోవంతుగా కనిపిస్తే అది రెండింతల దూరంలో ఉన్నదన్నమాట. అందుచేత ఈ జాతి నక్షత్రం ఎక్కడ కనిపించినా అది ఒక మైలురాయి.

ఆర్ రెటిక్యులై మన పాలపుంతలోనిదే. కాని ఆకాశంలో దానికి రెండు డిగ్రీల లోపున, అదే రాశిలో, చాలా చాలా వెనుక ఎన్.జి.సి. 1559 అనే గెలాక్సీ ఉంది. గెలాక్సీ అంటే మన పాలపుంత వంటి మరొక నక్షత్ర సముదాయం. ఇది సుమారు 6 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 2005 ఆగస్టులో ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ ఎవాన్స్ ఆ గెలాక్సీలో కొత్తగా ఒక చుక్క వెలగడం పట్టుకొన్నాడు. అది సూపర్‌నోవా, అనగా పేలిపోయిన నక్షత్రం. దానిని 2005 డి.ఎఫ్. అని పిలుస్తారు.

సూపర్‌నోవాలలో ఒకటవ-ఏ రకం అని ఒకటుంది. చెన్నపట్నం ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన చంద్రశేఖరుగారు 1930 ప్రాంతంలో ఒక లెక్క తేల్చారు. ఆయువు తీరి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రం సూర్యుని బరువుకు సుమారు 1.4 రెట్లు మించి నిలవలేదు. అట్టి మరుగుజ్జు తోడున్న నక్షత్రం నుంచి పదార్థాన్ని గుంజుకొని గాని, దానితో కలిసిపోయి గాని పేలినప్పుడు ఈ రకం సూపర్‌నోవా పుడుతుంది. ఒక్కొక్కటి కొన్ని వందల కోట్ల సూర్యులంత వెలుగుతుంది. కాంతి అన్నింటికీ దాదాపు ఒక్కటే. మీరాలు కనిపించనంత దూరంలో కూడా ఇవి కనిపిస్తాయి గనుక పండితులు వీటిని ఆకాశ దీపాలుగా వాడుకొని దూరాలు కొలవసాగారు. విశ్వవిస్తరణ వేగం పెరుగుతున్నదని 1998లో తేలింది ఈ దీపాలతోనే. అందుకు 2011లో ముగ్గురికి నోబెల్ బహుమానం వచ్చింది.

నేను దాదాపు అన్నాను. తగవంతా ఆ మాటలోనే ఉంది.

మా ఊళ్ళో నూలుకు రంగు అద్దేవారికి ఒక అనుభవం ఉంది. అదే రంగుపొడి, అవే పాళ్ళు, అదే కాపు. కాని మరో ఊరి బావినీళ్ళతో అద్దితే రంగు కొంచెం మారుతుంది. ఉప్పునీటికి ఒక ఛాయ, మంచినీటికి ఒక ఛాయ. పొడి మీద తప్పులేదు, నీటి గుణం అది. సూపర్‌నోవాలకు కూడా అవి పుట్టిన గెలాక్సీ గుణం అంటుతుందని క్రమంగా తెలిసింది. మొదట తెలిసిన సంగతి, అన్నీ ఒకే తీరున ఆరవని. నిదానంగా ఆరేవి ఎక్కువ కాంతి గలవి, త్వరగా ఆరేవి తక్కువవి. ఈ సంబంధాన్ని 1993లో ఫిలిప్స్ స్థిరపరచాడు. త్వరగా ఆరే మసక దీపాలు కొత్త నక్షత్రాలు పుట్టడం మానేసిన ముసలి గెలాక్సీలలో ఎక్కువగా కనిపిస్తాయి. నిదానంగా ఆరేవి లేత నక్షత్రాలున్న గెలాక్సీలలో ఎక్కువ. ఆరే తీరునూ రంగునూ చూచి లెక్కను సవరిస్తే ఇంటి గుణం పోతుందని అనుకొన్నారు.

పోలేదు. 2010లో మూడు బృందాలు వేరువేరుగా ఒకే విషయం కనిపెట్టాయి. ఆ సవరణలన్నీ చేసిన పిమ్మట కూడా, సూర్యునికి సుమారు 1,000 కోట్ల రెట్లు మించి బరువున్న గెలాక్సీలలో పేలినవి, తేలిక గెలాక్సీలలో పేలినవాటికంటె కొంచెం కాంతిగానే మిగిలాయి. తేడా పాగ్సన్ కొలబద్ద మీద తరగతిలో పదో వంతుకు లోపే. కాని తరగతిలో 0.08 తేడా అంటే దూరంలో దాదాపు నూటికి నాలుగు. ఇది ఎందువల్ల వస్తుందో ఇంకా ఒక మాట మీదికి రాలేదు. బరువైన గెలాక్సీలలో పేలే నక్షత్రాల వయసు వేరని కొందరు, వాటిలో ఇనుము మొదలగు లోహాల పాలు ఎక్కువని కొందరు, అడ్డుపడే ధూళి గుణం వేరని మరికొందరు. బరువు అసలు కారణం కాదు, కారణానికి గుర్తు మాత్రమే అన్నంతవరకు చాలామంది ఒప్పుకొంటారు. ఉప్పునీళ్ళ బావి ఏ వీధిలో ఉన్నదో తెలిసింది గాని, ఉప్పు ఎక్కడ నుంచి ఊరుతున్నదో తెలియలేదు.

నూటికి నాలుగు పాళ్ళకు ఇంత రభస ఎందుకంటారా? విశ్వవిస్తరణ వేగాన్ని రెండు దారులలో కొలిచారు. ఆదికాలపు వెలుగును కొలిచి లెక్కించిన ప్లాంక్ ఉపగ్రహం వారికి 67.4 అనే అంకె వచ్చింది. సూపర్‌నోవాల దారిన 2022లో వచ్చినది 73. తేడా నూటికి ఎనిమిది. రెండు పంచాంగాలు ఒకే తిథిని రెండు వేళలకు చూపినట్లే. ఇక్కడ కూడా ఒక వర్గంవారు లెక్కలో లోపమంటారు, ఒక వర్గంవారు సిద్ధాంతమే మారాలంటారు. ఇంటి గుణానికి చేసే బీజసంస్కారం ఒక్కటే ఈ తేడాను పూడ్చలేదు. అయినను అది చేయనిదే తక్కిన తేడా ఎంతో ఎవరూ నమ్మకంగా చెప్పలేరు.

ఇందులో మరొక మెలిక ఉంది. సూపర్‌నోవా అసలు కాంతిని స్థిరపరచాలంటే, అది పేలిన గెలాక్సీ దూరం మరొక విధంగా ముందే తెలియాలి. అందుకు సాధారణంగా సెఫీడు అనే చరకాంతి నక్షత్రాలను వాడుతారు. సెఫీడులు లేత వయసువి. లేత నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీలలో తప్ప దొరకవు. అంటే దీపాన్ని పరీక్షించేది లేత ఇళ్ళలో మాత్రమే. తరువాత ఆ లెక్కను ముసలి ఇళ్ళ దీపాలకు కూడా అంటగడుతున్నాం. మంచినీళ్ళ ఊరిలో రంగు చూచి, ఉప్పునీళ్ళ ఊరి నూలుకు ధర కట్టినట్లు. మీరాలకు ఈ దోషం లేదు. అవి ముసలివి గనుక అన్ని రకాల గెలాక్సీలలోనూ ఉంటాయి. వాటితో పరీక్షిస్తే ఏ ఇంటి దీపాన్ని ఆ ఇంట్లోనే తూచవచ్చును.

అట్టి మొదటి ప్రయత్నాన్ని కారొలిన్ హువాంగ్, ఆడం రీస్ మొదలైనవారు 2020లో ప్రకటించారు. హబుల్ దుర్భిణితో ఎన్.జి.సి. 1559లో నెలల తరబడి కాచి చూచి, 115 మీరాలను వేరు చేశారు. ఊపిరి కాలం 400 రోజులకు లోపున్న, ఆమ్లజని పాలు ఎక్కువగా ఉన్న మీరాలను ఎంచుకొన్నారు. 278 రోజుల ఆర్ రెటిక్యులై కూడా ఆ రకందే. వాటితో ఆ గెలాక్సీ దూరం కట్టి, 2005 డి.ఎఫ్. కాంతిని తూచి, విస్తరణ వేగం 73.3 అని తేల్చారు. అటు నాలుగు ఇటు నాలుగు ఉండవచ్చునని తామే చెప్పారు. ఒక్క గెలాక్సీతో తగవు తీరదు. లేత నక్షత్రాలు లేని గెలాక్సీలలో ఇదే పని ఎన్నో మార్లు చేయవలసి ఉంది.

1867లో మద్రాసు దుర్భిణి ఆ దిక్కుకు తిరిగినప్పుడు ఆ గెలాక్సీ వెలుగు కూడా ఆచార్యులుగారి నెత్తిమీద పడుతూనే ఉండి ఉంటుంది. 2005లో మనకు అందిన పేలుడు వెలుగు అప్పటికి బయలుదేరి దాదాపు 6 కోట్ల ఏళ్ళయింది; ఇంకా 138 ఏళ్ళ ప్రయాణమే మిగిలింది. వారు చూచినది దారిలో అడ్డంగా నిలిచిన మన ఇంటి నక్షత్రాన్ని. ఈసారి సంక్రాంతికి ఊరికి పోయినవారు, రాత్రి తొమ్మిదింటికి మేడ ఎక్కి, నగరి కొండలకు వీపు పెట్టి దక్షిణానికి తిరిగి, అగస్త్యునికి కుడిపక్క కిందుగా చూడండి. కంటికి ఏమీ కనిపించదు. కాని తావు అదే.